కంబళి పరిస్తే జాగా మనదే

నాకప్పుడు ఎనిమిదో, తొమ్మిదో ఏళ్లు... ఎమ్మిగనూరులో మా ఇంట్లో పొద్దున్నే మగ్గం చప్పుడు వినిపించలేదంటే ఆ రోజు అమావాస్య అన్నమాట. నేతగాళ్ల ఇళ్లలో మగ్గానికి ఆ ఒక్కరోజే సెలవు.

ముందురోజు సాయంత్రం మా నాయన "రేపు ఏటికి పోదామా?" అనేవాడు. అంతే... అదే మా బుకింగు. అమ్మ జొన్నరొట్టెలు తట్టేది. శనగపొడి, ఉల్లిగడ్డలు, బొరుగుల సంచీ, ఒక కంబళి పట్టుకుని మంత్రాలయం బస్సెక్కేవాళ్లం. కోసిగి నుంచి మా పెద్దమ్మ, ఆమె కొడుకు ఈరన్న వచ్చి కలిసేవాళ్లు. ఈరన్న నాకంటే రెండేళ్లు పెద్ద.

ఊరు దాటి కొంచెం ఎగువకు నడిస్తే తుంగభద్ర ఒడ్డున ఇసుక, నాలుగు తుమ్మచెట్ల నీడ. అక్కడ కంబళి పరిచి మూలకొక రాయి పెడితే ఆ రాత్రికి ఆ జాగా మనది. స్నానానికి పోయినా, గుడికి పోయినా దాన్ని ఎవరూ ముట్టేవాళ్లు కాదు.

ఒకసారి మేం పోయేసరికి నీడంతా ఎవరిదో కంబళి... మనుషులు లేరు. ఈరన్న గమ్మున ఒక రాయి తీసి పక్కకు జరిపాడు. పెద్దమ్మ వాడి చెవి పట్టుకుంది. "ఏమ్రా, బుద్ధుండాదా నీకు? వాళ్లు మనుషుల్ని నమ్మి పెట్టిపోయినారు." మేం ఎండలోనే నిలబడ్డాం. కాసేపటికి వాళ్లు తడిబట్టలతో వచ్చి, "ఎండలో ఎందుకు నిలబడినారప్పా, రాండి, ఇంత జరుగుతాం" అని కంబళిని సగానికి మడిచారు. ఆ రోజు వాళ్ల చిత్రాన్నం మేం తిన్నాం, మా రొట్టెలు వాళ్లు తిన్నారు.

ఇప్పుడు ఆ ఒడ్డుకు కంచె వేశారు. లోపల గడ్డి పెంచి ఇరవై టెంట్లు వేశారు... సర్కారు పార్కు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ రాత్రి ఉండాలంటే ఫోన్లోనే బుక్ చేయాలి. అదీ నెల ముందు.

ఈరన్న బతుకులో నెల ముందు అనే మాటే లేదు. వానలు మొహం చాటేశాయంటే మూటలు కట్టుకుని గుంటూరు పక్క మిరప కోతలకు పోవాలి. మేస్త్రీ కబురు ఈరోజు వస్తే బండి రేపు వస్తుంది.

మొన్న వాడి కూతురు నాగవేణి ఆదోనిలో మా ఇంటికి వచ్చింది. పదేళ్ల పిల్ల. ఆ పార్కును ఎవరి ఫోన్లోనో చూసిందంట.

"చిన్నాయనా, పనేమీ లేకుండానే టెంట్లో పండుకుంటారంట... నిజమేనా?"

టెంటు దానికి కొత్త కాదు. ఏటా మూడు నెలలు మిరప చేన్ల పక్కన పట్ట కిందే ఉంటుంది. పని లేని టెంటే తెలియదు. "ఈసారి మీరు పోయే లోపల తీసుకపోతాలే" అని మాట ఇచ్చేశాను.

బుకింగు పొద్దున పదికి తెరుస్తారు. పదికి బడిలో నేను సైన్సు చెప్తూ ఉండాలి. హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి ఐదు నిమిషాలు అడుక్కుని వరండాలో నిలబడేవాణ్ణి. అందరి పేర్లు, ఆధార్ నంబర్లు, మనిషివేనా అని పరీక్ష పెట్టే ఆ వంకర అక్షరాలు కొట్టి... ఓటీపీ వచ్చేసరికి పదీ రెండు. "ఖాళీలు లేవు." మరుసటి రోజూ అంతే. మూడో రోజు అంతా అయ్యాక మళ్లీ మొదటికి తీసుకుపోయింది. ఎవర్ని తిట్టాలో తెలియక ఫోన్నే తిట్టుకున్నాను.

"ఫోన్ ఇడిసిపెట్టురా, పోయి అడుగుదాం. ఆడ ఉండేదీ మనుషులే కదా" అన్నాడు ఈరన్న. ఆదివారం పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని, చంకలో కంబళితో వచ్చాడు. ముందుగా పరిచేస్తే జాగా మనదవుతుందని వాడి నమ్మకం. నేను కూడా ఎందుకో వద్దనలేకపోయాను.

మేం పోయేసరికి సగానికి పైగా టెంట్లు ఖాళీ.

"అన్నీ బుక్కయినాయన్నా" అన్నాడు గేటు దగ్గర కాపలా ఆయన.

"మనుషులు యాడప్పా?" అని ఈరన్న అడిగాడు.

"రాలేదు. వస్తారో రారో తెల్దు. వాళ్లు రాకపోయినా మీకిచ్చేది నా చేతిలో లేదన్నా."

ఆయన్ని మాత్రం ఏమనగలం... నాగవేణి కంచె పట్టుకుని ఖాళీ టెంట్లు లెక్కపెడుతూ ఉంది. ఈరన్న కంబళి దించకుండానే బస్సెక్కాడు.

ఆఖరికి ఐదోసారి నాకు ఒక టెంటు దొరికింది. నెల తర్వాత వచ్చే శనివారానికి.

"అంతవరకు బండి రాకుంటే బాగుండు" అంది నాగవేణి.

"బండి రాకుంటే తిండి యాడనుంచి వస్తాదే?" అని వాళ్ల నాయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ శనివారానికి ఇంకా నాలుగు రోజులు ఉన్నాయనగా బండి వచ్చింది. వాళ్లు పోయారు. తేదీ మార్చమని ఫోన్లో ఎన్ని మీటలు నొక్కినా కుదరదనే వచ్చింది. అక్కడున్న నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేనొక్కణ్ణే పోవడానికి మనసొప్పలేదు.

శనివారం సాయంత్రం మిరప చేను దగ్గర్నుంచి నాగవేణి ఫోన్ చేసింది.

"చిన్నాయనా, మన టెంట్లో ఎవరుండారు?"

"ఎవరూ లేరమ్మా..."

"ఉత్తదే ఉండాదా? గేటు కాడ ఎవరన్నా నిలబడుకోని ఉంటారేమో... వాళ్లకి ఇయ్యమని సెప్పరాదా?"

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. అబద్ధం చెప్పాను.

మీ పక్క ఏ ఏటి ఒడ్డునైనా, పేరూ నంబరూ అడగకుండా ఒక రాత్రి ఉండనిచ్చే చోటు ఇంకా మిగిలి ఉంటే కింద రాయండి... ఎంత దూరమైనా ఫర్వాలేదు. ఉగాదికి వాళ్లు తిరిగొస్తారు. ఎన్నాళ్లు ఉంటారో వాళ్లకే తెలియదు.