నూట అరవై ఇటుకలు

నాకు అక్షరాల కంటే ముందు ఇటుకల లెక్క వచ్చింది. అక్షరాలు నలభై దాటాక కుస్తీ పట్టి నేర్చుకున్నాను. ఇటుకల లెక్క మాత్రం పెళ్లయిన ఏడాదికే నా పెనిమిటి నేర్పాడు. ఆయన మేస్త్రీ. నిజాంసాగర్ కాలువలు తవ్వే రోజుల్లో మట్టి మోయడానికి పోయి, తాపీ పట్టడం నేర్చుకుని వచ్చిన మనిషి. అక్కడ తూముల దగ్గర సిమెంటు దిమ్మెలు పోసేవారట. ఏ గోడకు ఎన్ని దిమ్మెలు పడతాయో ఓవర్సీరు కాగితం మీద గీసుకుని తేల్చేలోపే ఈయన కంటితో చూసి చెప్పేవాడట. ఇది ఆయన చెప్పుకున్న మాటే, నేను చూసింది కాదు. నేను బాన్సువాడకు కాపురానికి వచ్చేసరికి యుద్ధం రోజులు. దిమ్మెలూ లేవు, సిమెంటూ లేదు. ఊళ్లో కట్టేవన్నీ మట్టి ఇటుకల గోడలే. దేనితో కట్టినా లెక్క ఒకటేనని ఆయన అనేవాడు.

ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు ఆయన్నే పిలిచేవారు. ఆయన ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, నోట్లో బీడీ తీసి, ఒక అంకె చెప్పేవాడు. గోడ లేచాక నాలుగో ఐదో ఇటుకలు మిగిలేవి, అంతే. నస్రుల్లాబాద్ నుంచి కూడా వచ్చి అడిగి పోయేవారు. ఇంట్లో జొన్నలు ఎన్నాళ్లకు వస్తాయో మాత్రం ఆయనకు తెలిసేది కాదు.

"ఊరోళ్ల గోడలన్ని నీ కండ్లల్లనే ఉన్నయి గని మన కుండల ఏమున్నదో తెల్వది నీకు" అని దెప్పేదాన్ని.

"కుండకు గజాలుండయి గదనే" అనేవాడు.

ఆయన పని చేసే చోటికి నేను సద్ది పట్టుకుపోయేదాన్ని. తిన్నాక చేయి కడుక్కుని, చింతగింజలు పరిచి నాకు లెక్క చెప్పేవాడు. గజం పొడవుకు మూడు ఇటుకలు. గజం ఎత్తుకు తొమ్మిది వరుసలు. మూడు తొమ్మిదులు ఇరవై ఏడు. గోడ ఎన్ని గజాల పొడవో, ఎన్ని గజాల ఎత్తో చూసి, రెండూ హెచ్చవేసి, అన్ని ఇరవై ఏడులు వేసుకోవాలి. దర్వాజకు, కిటికీకి తీసేయాలి. చివర పదింటికి ఒకటి చొప్పున పగిలేవాటికి కలపాలి. పగిలేవాటిని మరిచినవాడు మేస్త్రీ కాదు, మేస్త్రీ చుట్టం అనేవాడు. నాకు అది తొందరగానే పట్టుబడింది. ఆడదానికి ఈ లెక్క ఎందుకని పక్కన కూలీలు నవ్వితే, వాళ్ల కంటే ముందు నేనే అంకె చెప్పి వాళ్ల నోళ్లు మూయించేదాన్ని. ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు. ఆ నవ్వు కోసమే నేను నేర్చుకున్నానేమో.

మాకు ఒక్కతే బిడ్డ. ఆమెకు నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది. సున్నం దుమ్ము వల్ల అనుకున్నాం. మిరియాలు, తులసాకు, తాయెత్తు అన్నీ అయ్యాయి. మనిషి కట్టెపుల్ల అయ్యాక దవాఖానకు పోయాం. డాక్టరు సాబు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. క్షయ అన్నాడు. ఇంట్లో ఎంతమంది, ఎక్కడ పడుకుంటారు అని అడిగాడు. మాకున్నది ఒక్కటే పొడుగాటి అర్ర. వీధి వైపు ఒక దర్వాజ, పెరడు వైపు ఒక దర్వాజ. ముగ్గురం అందులోనే పడుకుంటాం అని చెప్పాను.

"మధ్యల గోడ పెట్టున్రి. పైన దూలం దాకా ఎత్తున్రి. పెరటి దిక్కు ఆయన ఉండాలె, ముంగట మీరుండాలె. పిల్లను అటు పోనియ్యకున్రి. అటు గాలి ఇటు రావద్దు. తెలిసిందా అమ్మా? మనిషి కంటే పిల్లదే నాకు ఫికర్" అన్నాడు.

తెలిసింది. ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. నాకు తెలియక జరిగింది అని చెప్పుకోవడానికి ఆ మనిషి నాకు ఎక్కడా సందు ఉంచలేదు.

ఇంటికి వచ్చాక ఆయన్ని పెరట్లో మంచం మీద కూర్చోబెట్టి అడిగాను.

"నాలుగు గజాల పొడువు. దూలం దాకా మూడు గజాల ఎత్తు. ఎన్ని పడ్తయి?"

ఆయన అర్ర వైపు చూడనే లేదు. పెరట్లో కోడిని తరుముతున్న బిడ్డను చూస్తూ, "నూట అరవై" అన్నాడు.

"పగిలేటియి?"

"అన్ని కలిపే చెప్పిన."

నేను లోపలికి పోయి నేల మీద గింజలు పరిచాను. నాలుగు మూళ్లు పన్నెండు. పన్నెండు ఇరవై ఏడులు మూడు వందల ఇరవై నాలుగు. పగిలేవి కలిపితే దగ్గర దగ్గర మూడు వందల అరవై. మళ్లీ పరిచాను. మళ్లీ అంతే. దాచడం ఎందుకు, మొదట నాకు సంతోషం వేసింది. ఊరందరికీ లెక్క చెప్పే మనిషిని పట్టుకున్నాను అనుకున్నాను. ఎగిరి గంతేసినంత పని చేసి బయటికి వచ్చి, "దూలం దాకనే గద?" అన్నాను.

"దూలం దాకనే."

"దర్వాజ లేదు గద?"

"లేదు."

అప్పుడు ఆయన మొహం చూశాను. జ్వరంలో పొరపడ్డ మనిషి మొహం కాదు అది. నా చూపు తప్పించుకుంటున్నాడు. ఆరేళ్ల కాపురంలో ఆయన నా చూపు తప్పించుకోవడం అదే మొదటిసారి. కావాలనే రెండు వందలు తగ్గించి చెప్పాడు. నాకు తెలిసిపోయింది. నేను, "సరే, నూట అరవై" అన్నాను.

కూలికి పిలిస్తే ఎవరూ రాలేదు. ఆ దగ్గు పేరు ఊరంతా పాకింది. కాలువ గట్టు నుంచి మట్టి నేనే మోశాను. గడ్డి తరిగి కలిపి, కాళ్లతో తొక్కి, కట్టె అచ్చులో పోసి తీశాను. ఒక్కో ఇటుక చంటిపిల్లంత బరువు. కాన్పు నాటి నుంచి నా నడుము నాది కాదు. సాయంత్రానికి వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయేదాన్ని. వాడకట్టు ఆడవాళ్లు దూరం నుంచి, "ఒక్కదానివే చేస్తున్నవా అక్కా" అని పలకరించి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పోయేవారు. అప్పుడు వాళ్లను నోరారా తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను. వాళ్లకు నాకంటే బుద్ధి ఉంది.

నా బిడ్డ పక్కనే ఉండి ఇటుకలు లెక్కపెట్టేది. దానికి పది దాకానే వచ్చు. పది కాగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. దాని లెక్క ప్రకారం మాకు ఎప్పుడూ పది ఇటుకలే ఉండేవి.

ఎనిమిదో రోజుకు నూట అరవై అయ్యాయి. గుంతలో తొక్కిన మట్టి ఇంకా మిగిలే ఉంది. ఇంకో పది రోజులు నడుము వంచితే మిగతా రెండు వందలూ అయ్యేవి. నేను అచ్చు కడిగి ఎండలో పెట్టాను. నడుము నొప్పి అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు గాని నిజం కూడా కాదు.

ఇటుకలు ఎండాక గోడ పెట్టడానికి మా బావ వచ్చాడు. బావ అంటే నా పెనిమిటికి అన్న, ఆయనా మేస్త్రీనే. తమ్ముడి రోగానికి భయపడనివాడు ఆయన ఒక్కడే. పొద్దున మొదలుపెట్టి ఎండ ఎక్కేసరికి పన్నెండు వరుసలు లేపాడు. ఇటుకలు అయిపోయాయి. గోడ నా రొమ్ము ఎత్తుకు వచ్చి ఆగింది. బావ తాపీ కింద పెట్టి నెత్తి గోక్కున్నాడు.

"ఇంకో రెండు వందలు కావాలె. గీ లెక్క ఎవరు చెప్పిన్రు? మావోడేనా?" అన్నాడు. "జ్వరంల వాని లెక్క తప్పింది పాపం. ఎన్నడు తప్పనోడు." ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. "ఫికర్ చెయ్యకమ్మా. పిట్లం కాడ ఇటుకల బట్టి ఉన్నది. ఎల్లుండి బండి మీద తెస్త."

బావ ముందు నేను నిలబడి మాట్లాడే అలవాటు లేదు. ఏదన్నా చెప్పాలంటే తలుపు చాటు నుంచి బిడ్డతో చెప్పించేదాన్ని. ఆ రోజు మాత్రం తల మీద కొంగు లాక్కుని ఎదురుగా వచ్చాను.

"సాలు బావా."

"ఏం సాలు? గిది గోడనా, కూసునే అరుగా?"

"గాలి ఆడకుంటే ఆయనకు ఉక్కపోస్తది. గింత సాలు."

బావ నన్ను చూశాడు, గోడను చూశాడు. పెరటి వైపు మంచం మీద ఆయన కళ్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు. బావ చేతులు కడుక్కున్నాడు.

ఆ గోడతో మేము ఐదు నెలలు బతికాం. నా జీవితంలో మంచి రోజులు ఏవని ఎవరైనా అడిగితే, సిగ్గు లేకుండా ఆ ఐదు నెలలే అంటాను. బిడ్డ పీట తెచ్చుకుని ఎక్కి, గోడ మీద గడ్డం ఆనించి బాపుతో ముచ్చట్లు పెట్టేది. కోడి ఎన్ని గుడ్లు పెట్టిందో, నేను ఎన్నిసార్లు తిట్టానో అన్నీ పూస గుచ్చినట్టు అటు చేరవేసేది. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు నోరు కూడా ఉండేది. ఆయన దగ్గు వస్తే గోడ వైపు కాకుండా అటు తిరిగి దగ్గేవాడు. తర్వాత తర్వాత అటు తిరిగే సత్తువ లేకపోయింది.

ఒకరోజు గోడ మీంచి అంబలి గిన్నె అందిస్తుంటే ఆయనే ఆ మాట ఎత్తాడు.

"నీకు లెక్క తెల్సు గద?"

"తెల్సు."

"మరి అడగకపోతివి?"

"నువ్వెందుకు తక్కువ చెప్పినవ్?"

"నీ నడుము చూసి" అన్నాడు. కొంచెంసేపు ఊపిరి తీసుకుని, "కాదే. పిల్ల మొఖం కనబడకుంటే నేను గా గోడెనుక ఒక్క దినం గూడ బతుక" అన్నాడు. నేను గిన్నె ఆయన చేతిలో పెట్టి, వీధి దర్వాజ దగ్గరికి వచ్చి ఏడ్చాను. నాకు ఆయన మొహం కనబడకపోతే నేను బతకను అని చెప్పలేదు. చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లమేమో. భయపడి ఉంటే రెండు వందల ఇటుకలు వచ్చేవేమో.

బతుకమ్మ పండుగ అయిన నాలుగో రోజు ఆయన పోయాడు. బిడ్డ దగ్గు మరుసటి ఎండాకాలంలో మొదలైంది. నా బిడ్డ ఆ వానకాలం దాటలేదు. ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. దాని గురించి ఇంకేమీ రాయలేను. పైగా నన్ను తినేది అది పోయిన రోజు కాదు, దాన్ని దవాఖానకు తీసుకుపోయిన రోజు.

అదే డాక్టరు సాబు. నా ఒళ్లో కూర్చున్న బిడ్డ వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు. విని, గొట్టం తీసి, నా మొహం చూశాడు.

"గోడ కట్టిన్రా అమ్మా? నేను చెప్పినట్టు దూలం దాకా?"

"కట్టినం సాబ్" అన్నాను.

బిడ్డ నా ఒళ్లోంచి కిందికి దిగింది. చేయి తల మీదికి ఎత్తి కొలత చూపించింది. "లేదు సాబ్, గింతే ఉండె. పీట ఎక్కితే బాపు నాకు కనబడుతుండె" అంది. సంతోషంగా చెప్పింది. పెద్దవాళ్లు మరిచిపోయిన సంగతి తనకు గుర్తుందని దానికి గర్వం.

డాక్టరు సాబు మళ్లీ నా వైపు చూశాడు. అప్పుడన్నా ఒప్పుకోవలసింది. "చిన్న పిల్ల సాబ్, దానికేం తెల్వదు. తండ్రి మీద బెంగతోని గట్ల అంటది" అన్నాను.

ఆయన నమ్మాడు. నమ్మి నా భుజం మీద చేయి వేసి, "అయితే నీ తప్పేం లేదమ్మా. నువ్వు చేసేది నువ్వు చేసినవ్" అన్నాడు. మందు సీసా ఇచ్చాడు.

బిడ్డను చంకనేసుకుని ఇంటికి నడుస్తున్నాను. సగం దారి అయింది. ఎండకు నా కొంగు దాని తల మీద కప్పాను. కొంగు కింద నుంచి నా మొహంలోకి చూస్తూ, తను ఏదో తప్పు చేసినట్టు మెల్లగా అడిగింది.

"అవ్వా, బాపు నాకు కనబడలేదా?"

"కనబడ్డడు బిడ్డా" అన్నాను. "రోజు కనబడ్డడు."