నాకు వచ్చిన పది ఖోసా మాటలు

టీచర్ ట్రైనింగ్‌లో భాగంగా ఆ ఏడాది గల్ఫ్‌లో, జుఫైర్‌లోని ఒక చిన్న నర్సరీ స్కూల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. నా క్లాసులో దక్షిణాఫ్రికా పాప ఒకతె ఉండేది. ఐదేళ్ళు. వాళ్ళమ్మ పోయి నాలుగు నెలలయింది. అప్పటినుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు.

మాతృభాషల వారానికి నన్నొక పాఠం చెప్పమన్నారు. పిల్లలందరికీ ఆ పాప భాష, ఖోసా, నేర్పుదామనుకున్నాను. వాళ్ళ నాన్నను అడిగాను.

"అది వాళ్ళమ్మ భాష. నాది వేరే. వాళ్ళిద్దరే మాట్లాడుకునేవాళ్ళు," అన్నాడాయన ఇంగ్లిషులో. అయినా వాళ్ళ దేశంలో ఉన్న అత్తగారి చేత పది మాటలు ఫోన్‌లో రికార్డు చేయించి పంపాడు.

వారం రోజులు వంట చేసుకుంటూ ఆ ముసలామె గొంతే విన్నాను. నీళ్ళు అమాంజి. కుక్క ఇంజా. చెంచా పేరులో ఒక చప్పుడుంది. మనం "ప్చ్" అన్నప్పుడు నాలుక చేసే చప్పుడే.

క్లాసులో చెంచా ఎత్తి పట్టుకుని ఆ మాట చెప్పాను. పిల్లలంతా ప్చ్ ప్చ్ అంటూ ఒకటే నవ్వు. ఆ పాప నవ్వలేదు. లేచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఎంతసేపు మాట్లాడిందో! మధ్యలో ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. చివరికి ఏదో అడిగి, నా నోటివంక చూస్తూ ఆగిపోయింది.

"అమాంజి?" అన్నాను, నీళ్ళు కావాలా అన్నట్టు. అంతకు మించి ఏమీ రాదు నాకు.

 ఒళ్ళోంచి దిగి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది.

"అంతసేపు ఏం చెప్పిందండీ?" అని అడిగింది ఆయా. మా గోదావరి మనిషే.

"నాకా భాష రాదమ్మా."

"అయ్యో, వచ్చనుకుందండీ పాపం."

మధ్యాహ్నం వాళ్ళ నాన్నకు చెబితే పిల్లల బెంచీ మీద కూలబడ్డాడు. "ఏమంది? ఒక్క ముక్కైనా గుర్తు తెచ్చుకోండి. మా అత్తగారిని అడుగుతాను."

ప్రయత్నించాను. ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

నా పాఠానికి మంచి మార్కులే వచ్చాయి. ఆ పాప మాత్రం మళ్ళీ నా దగ్గరకు రాలేదు. సెలవులివ్వగానే వాళ్ళ నాన్న ఆమెను అమ్మమ్మ దగ్గర దింపి వచ్చాడు. అక్కడ బాగా మాట్లాడుతోందట. ఆ మాట విన్నరోజు స్టాఫ్‌రూంలో తలుపేసుకుని చాలాసేపు ఏడ్చాను.