వంతుల అక్క

మంజుశ్రీ బొటనవేలు స్పేస్ బార్ మీద టకటకలాడుతోంది. ప్రాజెక్టు పుస్తకం మొదటి పేజీలో కాలేజీ పేరు సరిగ్గా మధ్యకు రావాలి. కొన్నిసార్లు నొక్కి, ఒక కన్ను మూసి చూసి, ఎక్కువైందనిపిస్తే ఒకటి వెనక్కి తీస్తోంది. అమీర్‌పేటలోని ఆ లేడీస్ హాస్టల్ గదిలో నాలుగు మంచాలు వేశాక తలుపు సగం తెరుచుకునేంత చోటే మిగిలింది. బల్లకు జాగా లేదు కాబట్టి లాప్‌టాప్ ఒళ్లోనే ఉండాలి. ఛార్జర్ తీగ పక్క మంచం మీదుగా రావాలి. ఆ మంచం మీది అమ్మాయి అటు తిరిగి పడుకుంటే తీగ ఊడుతుంది.

పేరు మధ్యకు వచ్చింది. సేవ్ కొట్టింది. పైన పసుపు పట్టీ ఒకటి వచ్చి, ఇకనుంచి ఈ ఫైలును చూడడమే తప్ప మార్చడం కుదరదని చెప్పింది.

ఎవరో ఎక్కారు. అందుకని ఆమె దిగిపోవాల్సి వచ్చింది. మళ్లీ ఎక్కాలంటే తన వంతు వచ్చేదాకా ఆగాలి.

మంజుశ్రీది సిరిసిల్ల. తండ్రి శివరాములు కూలికి సాంచ నడుపుతాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచ అనే అంటారు. ఆమె పంజాగుట్టలో ఒక కాలేజీలో ఎంబీఏ చివరి సెమిస్టర్ చదువుతోంది. ప్రాజెక్టు పుస్తకం శనివారం సాయంత్రంలోపు గైడ్ రాఘవేందర్ సార్ చేతిలో పెట్టి సంతకం చేయించుకోవాలి. సంతకం లేకపోతే వైవాకు పిలవరు, వైవా లేకపోతే ఇంకో ఆర్నెల్లు ఇదే గది, ఇదే మంచం. కూతురి చదువు ఈ వేసవితో అయిపోతుందన్న లెక్కమీదే శివరాములు ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఏమిటని ఇంట్లో ఎవరూ ఆలోచించి పెట్టుకోలేదు.

ఆమె లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది. అందులో ఆఫీసు ప్రోగ్రాం కొన్నాళ్లు ఉచితంగా నడిచి ఆగిపోయింది. అసలుది కొందామని ఏడాది చందా ఎంతో చూసి, ఆ పేజీ మూసేసింది. విద్యార్థులకు ఊరికే ఇస్తారని ఎక్కడో చదివింది. దానికి కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ కావాలి. కాలేజీ ఆఫీసుకు పోయి అడిగితే, ఐడీల పని నడుస్తోందనీ, వచ్చే బ్యాచ్‌కి తప్పకుండా ఉంటాయనీ గుమాస్తా భరోసా ఇచ్చాడు.

అప్పుడు దొరికినవాడు గిరిబాబు. కోచింగ్ సెంటర్ల భవనంలో మెట్ల కింద అతని బల్ల. కోస్తా నుంచి కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, కోర్సు వదిలేసి బల్ల పెట్టుకున్నాడు. పెద్ద ఆఫీసు ప్రోగ్రాం, జీవితకాలం, ఒక్కసారి కడితే చాలన్నాడు. ఎవరి జీవితకాలమని అడగాలని ఆమెకు తోచలేదు. ఒక ఐడీ, ఒక పాస్‌వర్డ్ రాసి ఇచ్చాడు. అది తనొక్కదానికే అనుకుంది.

ఆ ఐడీతో లోపలికి పోయి చూస్తే ఇల్లు నిండా జనం. ఒకరి బయోడేటా, ఒకరి తమ్ముడి పెళ్లి పత్రిక, ఎవరిదో లీవు లెటరు, బల్కంపేట బోనాల ఫొటోలు. గిరిబాబు ఆ ఒక్క ఐడీనే అడిగినవాళ్లందరికీ అమ్మాడు. అది ఒకేసారి కొద్ది కంప్యూటర్లలోనే పనిచేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కితే పాతవాళ్లలో ఒకరు జారిపోతారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు, ఫోన్ నంబర్లు లేవు. అందుకని ఫైళ్ల పేర్లతోనే మాట్లాడుకునేవారు. "దయచేసి నన్ను దించకండి రేపు ఇంటర్వ్యూ" అని ఒక ఖాళీ ఫైలు. దాని పక్కనే, "నాది సుత రేపే అన్నా" అని ఇంకొకటి. చోటు నిండిపోతే కంటికి కనిపించిన ఫైలు తీసేసేవారు. పెళ్లి పత్రిక అలాగే పోయింది. "ఎవడ్రా తీసింది" అన్న పేరుతో ఒక ఫైలు చాలా రోజులు అక్కడే ఉంది. దాన్ని తీసేయడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు.

మంజుశ్రీకి గోల పడదు. ఒక సాంచ మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు నేస్తారు. ఎవరి పాళీ ఎప్పుడో కార్ఖానా గోడ మీద సుద్దతో రాసి ఉంటుంది. అది చూసుకుంటే తగవుండదు. ఆమె కూడా ఒక పట్టిక గీసి, రోజును వంతులుగా కోసి, అందరూ చూసేచోట పెట్టింది. ఎవరి గడిలో వాళ్లు ఏదో ఒక గుర్తు రాసుకోమంది. రెండు మూడు రోజుల్లో గడులన్నీ నిండాయి. తగవులు తగ్గాయి, తీసేయడాలు ఆగాయి. ఒకరోజు పట్టిక కింద ఎవరో, "మస్తు చేసినవ్ వంతుల అక్కా" అని రాశారు. అప్పటినుంచి ఆ ఇంట్లో అదే ఆమె పేరు. అయినా అప్పుడప్పుడు కొత్త మనిషి వచ్చేవాడు. గిరిబాబు అమ్మడం ఆపలేదు. ఈ పూట ఆమెను దించింది అలాంటివాడే.

గురువారం పొద్దున వంతు రాగానే పట్టిక తెరిస్తే, కింద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు కనిపించాయి. ఈ ఐడీ వేరే రాష్ట్రంలో తమ బడిదనీ, ఉద్యోగం మానేసిన ఒక టీచరుదనీ, అది ఊరి నిండా ఎలా తిరుగుతోందో ఇన్నాళ్లూ అర్థం కాలేదనీ, ఈ పట్టిక చూశాక మొత్తం తెలిసిందనీ బడిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన రాశాడు. శుక్రవారం ఉదయం మూసేస్తున్నాను, ఈలోగా మీ ఫైళ్లు తీసుకోండి అని మర్యాదగానే ముగించాడు.

మంజుశ్రీ చెవులు వేడెక్కాయి. సిరిసిల్లలో గోడ మీద పాళీలు రాస్తే సేటు వచ్చి చదువుకుని పోతాడు. అది అతని గోడ, అతని సాంచ. ఇక్కడ తను ఎవరి ఇంట్లోనో దూరి, ఏ దొంగ ఏ వేళకు వస్తాడో వాళ్ల గోడ మీదే రాసి పెట్టింది.

ఆయన రాసిందాని కింద, తప్పైంది సార్ అని ఒక్క వాక్యం రాసింది. తన ఫైలు లాప్‌టాప్‌లోకి దింపుకుంది. "రేపు మూసేస్తున్నరు అందరు ఫైళ్లు దింపుకోండి" అన్న పేరుతో ఒక ఫైలు అన్నిటికంటే పైన కనిపించేలా పెట్టింది. మధ్యాహ్నానికి జవాబులు వచ్చాయి. ఒకరు ఎలా దింపుకోవాలని అడిగారు. ఇంకొకరు, "నువ్వే పట్టిచ్చినవ్ గదా అక్కా" అని రాశారు. మొదటి మనిషికి ఎలాగో రాసిపెట్టింది. రెండోది చదివి లాప్‌టాప్ మూసేసింది.

ఫైలు చేతికి వచ్చింది కానీ దాన్ని తెరిచి రాసే పనిముట్టు రేపటితో పోతుంది. సాయంత్రం గిరిబాబు దగ్గరికి పోయింది. వెంట యుస్రా ఉంది. యుస్రా ఆమె క్లాసుమేటు, మాసబ్ ట్యాంక్‌లో అన్నవదినల దగ్గర ఉంటుంది. తన పుస్తకం అప్పటికే ఇచ్చేసింది.

గిరిబాబు ఏమీ కంగారు పడలేదు. ఇలాంటివి జరుగుతుంటాయనీ, వేరే ఐడీ ఉందనీ, మీకు కాబట్టి ఊరికే ఇస్తాననీ అన్నాడు.

"ఇది ఎవరిది భాయ్?" అంది యుస్రా.

"మనకెందుకండీ. బస్సెక్కినప్పుడు ఓనరెవరో అడుగుతామా ఏంటి?"

"టికెట్ తీసుకుంటం గదా భాయ్."

గిరిబాబు నవ్వేసి, ఐడీ రాసిన కాగితం మంజుశ్రీ వైపు జరిపాడు. ఆమె చెయ్యి చాచింది. మధ్యలో ఒక్క శుక్రవారం ఉంది. ఈ కాగితం తీసుకుంటే నిమిషంలో పని మొదలవుతుంది. మళ్లీ ఎక్కాలి, మళ్లీ దిగాలి, అంతే.

"దీన్ల ఎంతమంది ఉన్నరు?" అని అడిగింది.

"మీరే ఫస్టండీ. సీలు కూడా తియ్యలేదు."

అతని కంప్యూటర్లోనే ఒకసారి తెరిచి చూపించమంది. తెరిచాడు. లోపల ఒకటే ఫైలు ఉంది. దాని పేరు, "దయచేసి దీన్ని తీసేయకండి."

గిరిబాబు తెర తన వైపు తిప్పుకున్నాడు. మంజుశ్రీ కాగితం బల్ల మీదే వదిలేసి మెట్ల కింద నుంచి బయటికి వచ్చింది.

దారిలో యుస్రా లిబ్రే ఆఫీస్ అనే ఇంకో ఆఫీసు ప్రోగ్రాం సంగతి చెప్పింది. ఊరికే దొరుకుతుంది, ఐడీ అడగదు, పాస్‌వర్డ్ అడగదు, నెట్ లేకపోయినా నడుస్తుంది. వాళ్ల అన్న ఆఫీసులో అందరూ అదే వాడతారట. మంజుశ్రీ ఆ పేరు ఇంతకుముందే విన్నది. కానీ అమీర్‌పేటలో ఊరికే ఇచ్చేది డెమో క్లాసు ఒక్కటే, ఫీజు మాట దాని వెనకాలే వస్తుంది. అందుకని అప్పట్లో ఊరికే అన్న మాట వినగానే ఇక్కడ అందరిలాగే ఆమె కూడా పక్కకు తప్పుకుంది.

శుక్రవారం పొద్దున హాస్టల్ మెస్‌లో టిఫిన్లు అయ్యాక, తుడిచిన బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని అది ఎక్కించింది. నిజంగానే ఏమీ అడగలేదు. ఫైలు తెరిచింది.

కాలేజీ పేరు పక్కకు జరిగిపోయింది. గైడ్ పేరు రెండు వరసలుగా విరిగింది. పట్టికల్లో అంకెలు ఒక గడిలోంచి ఇంకో గడి కిందకు జారాయి. మూడో అధ్యాయం పేజీ మధ్యలో మొదలైంది. విషయసూచికలో ఉన్న పేజీ నంబరుకు, అసలు పేజీకి సంబంధమే లేదు. ఊరికే వచ్చింది ఇట్లనే ఉంటదనుకుని, మూసేయడానికి చెయ్యి కదిలింది. కానీ మూసేసి పోవడానికి ఇంకో చోటు లేదు.

కనిపించని గుర్తులు చూపించే మీట ఒకటి పైన ఉంది. అది నొక్కింది. పేజీ నిండా చుక్కలే, చీమల బారుల్లా. ప్రతి చుక్కా ఆమె బొటనవేలు కొట్టిన ఖాళీ. అక్షరాలు వాటంతట అవి ఎక్కడా నిలబడలేదు. ఇన్ని నెలలుగా స్పేసులు కొట్టి నిలబెట్టింది. ఎంటర్లు కొట్టి పేజీలు మార్చింది. పేజీ నంబర్లు చూసి చూసి చేత్తో రాసింది. ఒక ప్రోగ్రాంలో కంటికి సరిపోయిందంతా ఇంకోదాంట్లోకి రాగానే కూలింది. ఆ ప్రోగ్రాంలో కూడా, అక్షరాల సైజు మారిస్తే కూలేదే.

చుక్కలు తీయడం మొదలుపెట్టింది. తీసినచోట మధ్యకు పెట్టే మీట నొక్కితే, పేరు ఒక్కసారికే మధ్యకు పోయి కదలకుండా నిలబడింది. ఒక్క మీట. అధ్యాయం పేర్లన్నిటికీ శీర్షిక అని ఒక గుర్తు పెట్టాలని ఎక్కడో చదివింది గుర్తొచ్చి, అలాగే పెట్టుకుంటూ పోయింది. మొదటి అధ్యాయానికి పట్టిన సమయంలో సగం రెండోదానికి పట్టింది. పట్టికలు మాత్రం అలా లొంగలేదు. వాటిని కొత్తగా గీసి, హాస్టల్ భోజనాల మీద తను చేసిన సర్వేలో అమ్మాయిలు ఇచ్చిన మార్కులన్నీ గడి గడికీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. భోజనాల వేళకు వంటమనిషి చంద్రమ్మ వచ్చి బల్ల ఖాళీ చేయమంది. మంజుశ్రీ గదిలోకి పోయి మంచం మీద కూర్చుని ఎక్కించింది, భోజనాలయ్యాక మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. సాయంత్రం టీ వేళకు మళ్లీ లేవాలి. లేచిన ప్రతిసారీ ఏ గడి దగ్గర ఆగిందో వెతుక్కోవాలి.

"పిల్లా, గీ పుస్తకం మా వంట గురించేనట గదా," అంది చంద్రమ్మ, బల్ల మీద పళ్లాలు పేరుస్తూ. "పప్పుకు ఎన్ని మార్కులేసిండ్రు?"

చూసి చెప్పింది. చంద్రమ్మ మిగిలిన పళ్లాలు కాస్త చప్పుడుగా పేర్చుకుంటూ పోయింది.

శనివారం పొద్దున విషయసూచిక మొత్తం చెరిపేసింది. ఖాళీ పేజీ మీద కర్సర్ పెట్టి, విషయసూచిక చేర్చమని మెనూలో నొక్కింది. శీర్షిక గుర్తు పెట్టిన అధ్యాయాలు, వాటి పేజీ నంబర్లు వాటంతట అవే వరసగా దిగాయి. నమ్మకం కుదరక ఒక్కొక్కటీ తిప్పి చూసింది. సరిపోయాయి. ముందుమాటలో ఒక పేరా కలిపి మళ్లీ చూసింది. అప్పుడు సరిపోలేదు. తాజా చేయమని నొక్కాలని తెలిసింది. నొక్కింది. సరిపోయాయి. జిరాక్స్ షాపు కంప్యూటర్లో మళ్లీ ఏదీ జరగకుండా మొత్తాన్ని పీడీఎఫ్‌గా మార్చి పెన్ డ్రైవ్‌లో వేసుకుంది.

మెట్రోలో ఒక్క స్టేషనే. పంజాగుట్టలో దిగేసరికి జిరాక్స్ షాపు ముందు సగం క్లాసు నిలబడి ఉంది. షాపు కంప్యూటర్లో ఒకడి పుస్తకం కుదురుగా రాక, షాపాయన వాడి మీద, వాడు కంప్యూటర్ మీద విసుక్కుంటున్నారు. వరస కదలడం లేదు. మంజుశ్రీ వాచీ చూడడం మానేసి ముందున్నవాళ్ల వీపులు చూస్తూ నిలబడింది. తన వంతు వచ్చాక పేజీలు మిషన్లోంచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మొదటిది తీసి చూసింది. పేరు మధ్యలోనే ఉంది. బైండింగు జిగురు ఇంకా తడిగా ఉండగానే పుస్తకం చంకలో పెట్టుకుని కాలేజీకి నడిచింది.

రాఘవేందర్ సార్ గది బయట కూడా వరసే. అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్ముతారని ఆయనకు తెలుసు, ఆ సంగతి ఆయనకు తెలుసని పిల్లలకూ తెలుసు. ఆమె ఇచ్చిన పుస్తకం తీసుకుని, విషయసూచిక మీద వేలు పెట్టి, ఆ పేజీ తిప్పి చూశాడు. ఇంకొకటి చూశాడు. పట్టికల దగ్గర ఇంకొంచెంసేపు ఆగాడు.

"ఎక్కడ చేయించినవ్?"

"నేనే చేసిన సార్."

"అందరు గదే చెప్తరు."

 వాదిస్తే సంతకం ఆలస్యమవుతుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని మరో రెండు పేజీలు తిప్పాడు. తర్వాత పెన్ను తీసి, మొదటి పేజీలో తన పేరు మీద సంతకం పెట్టి, తేదీ వేసి, పుస్తకాన్ని పక్కనున్న కట్ట మీదకు చేర్చాడు. తర్వాతి వాళ్లను రమ్మన్నాడు.