బావగారి బ్రేకు లైట్లు

మొన్న గుణదల రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగితే, వెనకున్న ఆటో అతను దిగొచ్చి కిటికీ అద్దం మీద తట్టాడు. "మేడంగారూ, మీ బ్రేకు లైటు ఎలగట్లేదండీ. ఎవడో ఒకడు గుద్దేస్తాడు" అన్నాడు. బల్బు మారిస్తే పోయేదే. కానీ నాకు వెంటనే బావగారి పాత అంబాసిడర్ గుర్తొచ్చి, ఇల్లు చేరేదాకా నాలో నేనే నవ్వుకున్నాను.

బావగారంటే మా అక్కయ్య భర్త. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ కారు వాళ్ల అమ్మాయి కంటే వయసులో పెద్దది, పెద్దపిల్లకు జరగాల్సిన మర్యాదలన్నీ దానికి జరిగేవి. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు దాని స్నానం అయ్యాకే ఆయన స్నానం. ఒకసారి చల్లపల్లి నుంచి వస్తుంటే కాలవ కట్ట దిగేచోట గేదెలు అడ్డొచ్చాయట. కారు వాటి తోకల దాకా వెళ్లి గాని ఆగలేదు. దాంతో ఆటోనగర్‌ మెకానిక్ చేత డిస్కు బ్రేకులు, తొక్కుడు తేలిక చేసే బూస్టరు వేయించారు. ఇక పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి ఆగుతుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ ఎక్కించుకుని వీధి చివరిదాకా తీసుకెళ్లి, ఆపి చూపించేవారు. నాకైతే కాఫీ కూడా ఇవ్వకముందే ఆ ముచ్చట జరిగింది.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. స్కూటర్ మీద వెనకే వస్తున్న మా అక్క కూతురు చూసింది: కారు ఆగుతోంది గాని ఎర్రలైట్లు వెలగడం లేదు. మెకానిక్ నడిపితే వెలిగాయి. బావగారు ఒక్కరే నడిపినా వెలిగాయి. అక్కయ్యను ఎక్కించుకుని వెళ్తే మాత్రం వెలగవు. ఒకరోజు వెనకొచ్చే లారీ గుద్దబోయి కీచుమని ఆగేసరికి పిల్ల హడలిపోయింది. "నాన్నగారు అమ్మతో మాటల్లో పడి బ్రేకు సంగతే మర్చిపోతున్నారు పిన్నీ, బండి దానంతటదే నెమ్మదై ఆగుతోంది. ఇంక నడిపింది చాలు" అని తాళాలు తీసేసుకుంది. బావగారు వరండాలో కూర్చుని, "ఏమ్మా, నిజంగానే మర్చిపోతున్నానంటావా?" అని నన్నడిగారు. నాకు ఏడుపొచ్చింది.

కారు అమ్మేద్దామనే దాకా వచ్చింది. అమ్మే ముందు లైట్ల సంగతి తేల్చుకుందామని అందరం ఆటోనగర్ వెళ్లాం. షెడ్డులో మెకానిక్ పెడల్ తొక్కితే మళ్లీ దివ్యంగా వెలిగాయి. అంతసేపూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అక్కయ్య లేచి, "నేను పక్కన కూర్చుంటాను, ఆయన్ని నడపమనండి. మీరు వెనక రండి" అంది. నేనూ పిల్లా స్కూటర్ మీద, మెకానిక్ తన బండి మీద బయల్దేరాం. స్పీడ్ బ్రేకర్ ముందు కారు మెత్తగా ఆగింది. వెనక ఎర్రదనం జాడే లేదు.

"బ్రేకు తొక్కారా సార్?" అన్నాడు మెకానిక్.

"తొక్కకుండా ఎట్టా ఆగుద్దయ్యా?" అన్నారు బావగారు.

"తొక్కారు బాబూ. నేను పక్కనుంటే అట్టాగే మెత్తగా తొక్కుతారు. నా నడుం ఆపరేషన్ అయినకాడ్నించీ ఒక్క కుదుపు తెలియనివ్వలేదు" అంది అక్కయ్య.

మెకానిక్‌కి అప్పుడు అర్థమైంది. ఆ కారులో పాత స్విచ్ బ్రేకు ఆయిల్ ఒత్తిడికి పనిచేసి లైట్లు వెలిగిస్తుంది. పాత బ్రేకులకి ఎంత నెమ్మదిగా ఆపాలన్నా కాలు గట్టిగానే ఆనాలి. కొత్తవాటికి ఆయన తాకే తాకుడు బండిని ఆపడానికి సరిపోయింది గాని స్విచ్‌కి చాలలేదు. పెడల్ కాస్త కదిలితే చాలు వెలిగేలా, దాని దగ్గరే ఇంకో స్విచ్ పెట్టాడు. పిల్ల తాళాలు తెచ్చి తండ్రి చొక్కా జేబులో వేసింది.

బావగారు మాత్రం కారెక్కకుండా అక్కయ్య వైపే చూస్తూ నిలబడ్డారు. "నేను అట్టా నడుపుతున్నానా? మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే కావాలని చేస్తారు. ఇప్పుడు మీకే తెలీకుండా చేస్తున్నారుగా" అంది అక్కయ్య.

ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ప్రేమ అలవాటులో కలిసిపోయి, చూపించేవాళ్లకే కనబడకుండా పోతుంది. పక్క సీటులో కూర్చున్నవాళ్లకి మాత్రం రోజూ తెలుస్తూనే ఉంటుంది.