ఇంటి నంబరు లేని ఊళ్ళు

మా దవాఖానా పెద్ద నర్సు, మేమంతా సిస్టరమ్మ అని పిలుచుకున్న మనిషి, పోయిన మంగళవారం తెల్లవారుతూనే కన్నుమూశారు. తన వయసంతా ఏ వార్డులో తిరిగారో ఆ వార్డులోనే, కిటికీ పక్క మంచం మీద. గుండె జబ్బు ముదిరిందని మాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. అయినా ఆ మాట చెప్పడానికి ఆయా వచ్చి నా కౌంటర్ ముందు నిలబడితే, "ఏంది, ఏం కావాలె?" అని కసిరాను. నా నోరు అంతే. "ముందు నీ కోపమొస్తది, ఎనక నువ్వొస్తవ్ బిడ్డా" అని నవ్వే మనిషి ఇక లేదని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

మీలో చాలామందికి ఆమె సూది వేసిన చెయ్యి గుర్తుండే ఉంటుంది. నేను రాస్తున్నది మాత్రం మీరెవరూ చూడని పని గురించి.

భద్రాచలం దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న మా చిన్న మిషన్ దవాఖానాకు కంప్యూటర్ వచ్చిన కొత్తలో, రోగుల పేర్లు ఎక్కించడానికి నన్ను తీసుకున్నారు. పేరు, వయసు, ఊరు, ఇంటి నంబరు కొట్టాలి. ఇంటి నంబరు కొట్టకపోతే తెర మీద ఆ గడి ఎర్రబడి మొండికేస్తుంది. గూడెంలో గుడిసెలకు నంబర్లు ఎవరు వేశారు? అందుకని 1-1 అని కొట్టేయడం అప్పటికే అక్కడ ఆనవాయితీ. మా కంప్యూటర్ లెక్కన అడవి అంతా ఒకే ఇంట్లో కాపురం ఉండేది. మేం దాని మీద జోకులు కూడా వేసుకునేవాళ్ళం.

ఒక వానాకాలం దగ్గుతో ఒక చంటిపిల్ల తల్లి వచ్చి పోయింది. ఆమె తెమడ పరీక్షలో క్షయ అని తేలిన కాగితం వచ్చేసరికి ఆమె మా దగ్గర లేదు. చిరునామా చూస్తే 1-1. ఆ పేరున్న గూడేలు వాగుకు ఇటొకటి, అటొకటి, ఇంకా లోపల ఒకటి. వాగులు పొంగినప్పుడు ఆగి, తగ్గినప్పుడు నడిచి, సిస్టరమ్మ అన్నీ తిరిగారు. చివరికి ఇల్లు దొరికింది. అప్పటికి ఆ పిల్ల అమ్మమ్మ చంకలో ఉంది, తల్లి ఇక లేదు. తిరిగొచ్చి బురద కాళ్ళతోనే నా కౌంటర్ పక్క బెంచీ మీద కూలబడ్డారు.

"దొరకని మనిషికి మందెట్ల ఇస్తం బిడ్డా?"

నేను లేచి కాళ్ళకు నీళ్ళు తెచ్చాను.

మర్నాడు నేనే చెప్పాను, సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ వాళ్ళకు వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉందని. పనిచేయనిది ఉంటే 'బగ్' అని, కొత్తది కావాలంటే 'ఎన్‌హాన్స్‌మెంట్' అని ఎంచుకుని రాయాలి. ఆ ఫిర్యాదుకు ఒక నంబరు ఇస్తారు. దాని కింద వాళ్ళ జవాబులు, మన జవాబులు చేరుతూ పోతాయి. సిస్టరమ్మ జుట్టు ముడిలోంచి పెన్ను తీసి, దాని వెనక కొసతో మానిటర్ మీద తట్టి, "రాయి" అన్నారు. ఆ పెన్ను ఎప్పుడూ ఆ ముడిలోనే ఉండేది. "ముందు, మీరందరు మంచిగున్నరని తలుస్త అని రాయి." ఇది ఉత్తరం కాదు సిస్టరమ్మా అంటే, "చదివేటోడు మనిషే కద" అన్నారు. కొట్టక తప్పలేదు.

ఆ తప్పు తమకూ కనిపించాలంటే ఏమేం చేయాలో వరసగా రాయమని అక్కడ ఒక గడి ఉంటుంది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బస్సెక్కి భద్రాచలం రావాలె. ఆడికెళ్ళి జీపు. జీపు ఆగినకాడ దిగి, వాగు దాటి నడవాలె. మొదటి గుడిసె కాడ నిలబడి, నంబరు యాడుందో చూసి మాకు చెప్పాలె."

నేను నవ్వుతూనే ఇంగ్లీషులో కొట్టాను. ఆమె నవ్వలేదు. ఇంటి నంబరు తప్పనిసరి కాకూడదనీ, దాని బదులు ఇంటి గుర్తు రాసుకోవడానికి ఒక గడి కావాలనీ చివర చేర్పించారు.

జవాబు వచ్చింది. ఇది బగ్ కాదట, ఎన్‌హాన్స్‌మెంట్ అట. ప్రాధాన్యం: తక్కువ. అంత కోపం ఆమెలో నేనెప్పుడూ చూడలేదు. "మనిషి దొరకకుంటె తప్పు కాదంటనా!" అన్నారు. కానీ రాయించింది మాత్రం మళ్ళీ క్షేమ సమాచారాలతోనే. ఆ తర్వాత ఎవరి మందులు చేరకుండా వెనక్కి వచ్చినా, నల్ల టీ గ్లాసుతో వచ్చి బెంచీ మీద కూర్చునేవారు. అదే ఫిర్యాదు నంబరు కింద ఒకే ముక్క రాయించేవారు: ఈ రోజు కూడా ఒకరు దొరకలేదు. వాళ్ళు విసుక్కుంటారు సిస్టరమ్మా అంటే, "విసుక్కుంటె మనం యాదికున్నట్టే" అనేవారు.

చాలా కాలానికి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇంటి నంబరు గడి ఎర్రబడలేదు. దాని కింద 'గుర్తు' అని కొత్త గడి. ఆ రోజు కౌంటర్ ముందుకు వచ్చిన ముసలాయనను సిస్టరమ్మే కోయ భాషలో అడిగారు. ఆయన చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పాడు. అదంతా ఆమె తెలుగులో చెబుతుంటే నేను కొట్టాను. గడి మొండికేయకుండా అంతా తీసుకుంది. ఆమె పైట కొంగుతో కళ్ళు తుడుచుకుని, మందుల గదిలోకి వెళ్ళిపోయారు.

ఈ మాఘంలో ఆమే రోగిగా వచ్చి నా ముందు నిలబడ్డారు. పేరు, వయసు నేనే కొట్టేసి, దవాఖానా క్వార్టర్సు అని రాయబోయాను.

"అందరిని అడిగినట్టే అడుగు."

నాకు ఏడుపొచ్చింది, అది చిరాకుగా బయటికొచ్చింది. "సరే, మీ ఇంటి గుర్తేందో చెప్పండి" అన్నాను.

"కల్వర్టు దాటినంక ఎడమకు. రెండు ఇప్పచెట్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటయ్. ఆడ మా అమ్మ ఇల్లు. ఎప్పటికన్న నేను ఆడికే పోవాల్నాయె."

మంగళవారం ఆమెను ఆ ఇంటికే పంపాం. అక్కడ తమ్ముడి వాళ్ళున్నారు, పొద్దుటి బస్సు కండక్టరుతో కబురు వెళ్ళింది. మాలో ఎవరమూ ఆ ఊరు చూసినవాళ్ళం కాదు. జీపు డ్రైవరు ఖమ్మం నుంచి కొత్తగా వచ్చినవాడు. నా దగ్గరికి వచ్చి, "ఊరి పేరైతె చెప్పిండ్రు మేడమ్, ఇల్లు యాడనో ఎవరికెరుక?" అన్నాడు. నేను ఆమె పేరు తెరిచి, గుర్తు గడిలో ఉన్నది చదివాను. ఇంకోసారి చెప్పమన్నాడు. మానిటర్ అతని వైపు తిప్పాను.

సాయంత్రం తిరిగొచ్చాడు. "ఎవర్నీ అడగలె మేడమ్. ఇప్పచెట్ల కాడనే ఆపిన. పువ్వు ఏరుతున్నోళ్ళంత గంపలు పక్కన పెట్టి, చెట్ల కింద నిలబడి ఎదురుసూస్తున్నరు" అన్నాడు.

నేను లేచి బయటికి వెళ్ళాను. వాకిట్లో ఆగి ఉన్న జీపు కాన్వాసు మడతల్లో ఇప్పపూలు ఉన్నాయి.