స్టూలు మీద పెట్టిన కాలు

మా అత్తగారు మార్తమ్మకి క్షమించడం రాదు. ఈ మాట ఆవిడ ముందే అంటాను, ఆవిడ కాదనరు కూడా. కె.ఆర్.పురం స్టేషన్ వెనక ఉన్న మా తెలుగు క్రైస్తవ సంఘంలో ముందు బెంచీ ఎలా ఆవిడదో, పగ కూడా అలాగే ఆవిడ సొంతం. ఆవిడ పగబట్టిన మనిషి పేరు శాంతి. మామగారి తమ్ముడి భార్య, అంటే ఆవిడకి తోటికోడలు, నాకు చిన్నత్త.

కారణం లేకపోలేదు. మామగారు గుండెపోటుతో పోయినప్పుడు, సమాధి మీద ఇంకా మట్టి వేస్తుండగానే, చిన్నత్త పక్కావిడ చెవిలో, "అక్క బిరియానీలు పెట్టి పెట్టి బావను పంపించేసినాది" అంది. మెల్లగానే అంది. కానీ మా అత్తగారి చెవిలో పడింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. చిన్నత్త పాట ఎత్తుకుంటే మా అత్తగారు పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంటారు.

మా సంఘంలో శుభ శుక్రవారానికి ముందురోజు సాయంత్రం ఒకరి పాదాలు ఒకరు కడిగే ఆచారం ఉంది. ఎవరితో మాటల్లేవో వాళ్ళ పాదాలే కడగాలని పాస్టర్ శామ్సన్ గారి పట్టుదల. పోయినేడాది ఆయన ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. దేవుడి ఎదుట కాదనలేక మా అత్తగారు పళ్ళు నూరుకుంటూ కాలు చాపారు.

ఆరోజు వాన పడి చల్లగా ఉంది. చిన్నత్త టీ కాచే డ్రమ్ములోంచి జగ్గుతో వేడినీళ్ళు తెచ్చి, బేసినులో మా అత్తగారి కుడికాలు పెట్టించి పోసింది. చన్నీళ్ళు కలిపేలోగా ఒక మాట ప్రార్థన చేద్దామనుకుంది. చిన్నత్త ప్రార్థన మొదలుపెడితే ఆపడం ఆవిడ వల్ల కాదు. మిషనరీలు, మంత్రులు, మెట్రో పనివాళ్ళు, అందరూ అందులోకి వస్తారు. మేమంతా కళ్ళు మూసుకున్నాం. ఆమెన్ అయ్యాక ఆవిడ నీళ్ళలో చెయ్యిపెట్టి కెవ్వుమంది. కాలు కాలిన మనిషి మాత్రం అరవలేదు. "ఏమాయ? ఎందుకు అరస్తుండాది?" అని మా అత్తగారు నన్ను అడుగుతున్నారు.

అలా బయటపడింది సంగతి. ఆవిడకి షుగరు ఎప్పటినుంచో ఉంది. స్కూల్లో కుట్టు టీచరుగా చేసినన్నాళ్ళూ మిషను తొక్కిన ఆ పాదాలకి స్పర్శ పోయింది. కాలు పెడలు మీద ఉందో లేదో వంగి చూసుకునే దాకా వచ్చినా మాకెవరికీ చెప్పలేదు.

బొబ్బలు లేచాయి, చితికాయి, చాలావరకు మానాయి. బొటనవేలి మొదట్లో, అరికాలి కింద ఒక పుండు మాత్రం మిగిలింది. ఎన్ని కట్లు కట్టినా, ఎన్ని మందులు మార్చినా అది మొండికేసింది. కాలి మీద బరువు పడకుండా ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన బూటుని మా అత్తగారు మంచం కిందికి తోసేశారు. ఆదివారం మాత్రం ఎప్పుడూ లేనంత శుభ్రంగా, లావుగా కట్టు కట్టించుకునేవారు. గుడిలో ముందు బెంచీ పక్కన నడిచే దారిలోకి ఒక స్టూలు వేయించి, దాని మీద ఆ కాలు చాపేవారు. పాట ఎత్తడానికి వెళ్ళే చిన్నత్త ప్రతివారం ఆ కాలిని తప్పుకుని వెళ్ళాలి. ఎవరైనా "ఎట్లుండాది మార్తమ్మా?" అంటే చాలు, "ఇంగెట్లుంటాది? కడిగినారు కదా" అని గుడంతా వినబడేట్టు అనేవారు.

ఆరు నెలలు దాటాక కాలు వాచి, వాసన రావడం మొదలైంది. నేనూ, మా ఆయన స్టాన్లీ ఆవిడని బలవంతంగా కారెక్కించి డాక్టర్ ఫర్హానా దగ్గరికి తీసుకెళ్ళాం. ఆ డాక్టరుది కర్నూలు, మాట సూటిగా ఉంటుంది.

"మార్తమ్మగారూ, ఇక్కడ ఎముక కిందికి పొడుచుకొచ్చింది. మీరు అడుగేసినప్పుడల్లా అదే చోట నొక్కుతోంది. నరాలు చచ్చుబడ్డాయి కాబట్టి మీకు తెలియట్లేదు. ఇప్పుడు ఆ ఎముకకే చీము పట్టింది. రక్తప్రసరణ బాగుంది, అది మీ అదృష్టం. ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేస్తే మానొచ్చు. ఖాయంగా మానుతుందని నేను మాటివ్వను. వదిలేస్తే మాత్రం ముందు వేలు పోతుంది, తర్వాత పాదం."

మా అత్తగారు అడిగింది ఒకటే. "అంటే, ఇది వేడినీళ్ళ పుండే కదమ్మా?"

"కాదండీ. కాలిన గాయం ఎప్పుడో మానిపోయింది. ఇది మీ ఎముక వల్ల. ఆ నీళ్ళు పడకపోయినా ఏదో ఒకరోజు వచ్చేదే."

పాదం పోతుందన్నప్పుడు చలించని మనిషి ఆ మాటకి కుంగిపోయారు. కారెక్కగానే, "ఆయమ్మకు ఏమీ తెలీదు. నీళ్ళది కాదంట! వేరే డాక్టరును చూడండప్పా" అన్నారు.

స్టాన్లీ బతిమాలాడు, పాస్టర్ గారు ఇంటికొచ్చి చెప్పారు. ఆవిడ వినలేదు. నాకు అర్థమైంది. పుండు మానితే స్టూలు తీసెయ్యాలి. స్టూలు తీసేస్తే చిన్నత్త ఆ దారిన తలెత్తుకుని నడుస్తుంది. ఒకరోజు నాకు ఒళ్ళు మండి అడిగేశాను.

"మీకు కాలు కావాలా అత్తయ్యా, పగ కావాలా?"

"రెండూ కావాల" అన్నారు ఆవిడ, చిక్కుళ్ళు ఒలుస్తూ.

అప్పుడే చిన్నత్త మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో దూది, గాజుగుడ్డ, మందులు. కట్టు మార్చే పని తనకి ఇమ్మంది. నేను గొడవైపోతుందనుకున్నాను. మా అత్తగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "చెయ్యనీలే, చేసినామే చెయ్యల్ల" అన్నారు. నర్సు దగ్గర నేర్చుకొచ్చి చిన్నత్త రోజూ వచ్చి, నేల మీద కూర్చుని, ఆ పుండు కడిగి కట్టు కట్టేది. "గట్టిగా కట్టినావు", "వదులుగా కట్టినావు", "ఇంగోసారి కట్టు" అంటూ మా అత్తగారు దర్జాగా పురమాయించేవారు. ఆ రోజుల్లో ఆవిడకి రెండు పూటలా ఆకలి బాగా వేసేది.

ఆ సంబరం ఎక్కువకాలం నిలవలేదు. ఒక ఆదివారం పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఆగి, "మన మధ్యలోనే ఒక సహోదరి ఉంది. తనని ద్వేషించే మనిషి పాదాలు ప్రతిరోజూ కడుగుతోంది" అన్నారు. గుడిలో అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా చిన్నత్త చుట్టూ మూగి చేతులు పట్టుకున్నారు. స్టూలు మీది కాలిని పలకరించినవాళ్ళు లేరు. ఆ తర్వాత వారమే స్త్రీల సమాజానికి చిన్నత్తని అధ్యక్షురాలిని చేశారు. పోటీకి ఎవరూ నిలబడలేదు.

ఇంటికొచ్చి మా అత్తగారు అన్నం ముట్టలేదు. కాలు ముందుకు చాపి దాన్ని శత్రువుని చూసినట్టు చూశారు.

"నా పుండు! నా కాలు! పేరు మాత్రం దానికి!" అన్నారు. "ఆ డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి. ఆపరేషన్ ఎప్పుడు చేస్తాదో అడుగు."

అడ్మిట్ అయిన రోజు డాక్టర్ ఫర్హానా నవ్వుతూ, "మనసెలా మారింది మార్తమ్మగారూ?" అంటే, "కొందరికి పని లేకుండా చెయ్యల్ల" అన్నారు.

అంత కసిగా కోలుకున్న రోగిని ఆ ఆసుపత్రి చూసి ఉండదు. కాలు కింద పెట్టొద్దంటే పెట్టలేదు. అన్నం తగ్గించమంటే రాగిసంగటి కూడా కొలిచి తిన్నారు. మంచం కింది బూటు బయటికొచ్చింది. చిన్నత్త దూది పట్టుకుని వస్తే, "మా కోడలు కడతాదిలే, నువ్వు పోయి సమాజం చూసుకో" అని గుమ్మంలోంచే పంపించేశారు. కొన్నాళ్ళు పట్టినా పుండు పూడింది. లేత చర్మం వచ్చిన రోజు ఆవిడ ఏడ్చారు. సంతోషంతోనే, కానీ అందులో చిన్నత్త మీద గెలిచిన సంతోషమే ఎక్కువ.

ఈ ఏడాది మళ్ళీ పాదాలు కడిగే సాయంత్రం వచ్చింది. నీళ్ళలో కాలు నానబెట్టొద్దని డాక్టరు చెప్పారు కనుక, కడిగే వంతు మా అత్తగారిదే అయింది. మెత్తటి అట్టలున్న చెప్పులతో నడిచివెళ్ళి, చిన్నత్త ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చున్నారు. నేను పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. మోచేయి ముంచి నీళ్ళ వేడి చూశారు, అందరికీ కనబడేట్టుగా. చిన్నత్త కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది.

చిన్నత్త మడమ తోముతున్న మా అత్తగారి చెయ్యి ఆగింది. మడమ పక్కన నల్లటి చుక్క. చుట్టూ చర్మం మెత్తబడి, తెల్లగా ఉబ్బి ఉంది. ఆవిడ గోటితో నొక్కి లాగారు. విరిగిన గాజుముక్క బయటికొచ్చింది. దాని వెనకే కొంచెం చీము. చిన్నత్త పాదం కదల్లేదు. ప్రార్థన మంత్రుల దాకా వచ్చింది.

మా అత్తగారు ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, మిగతాది ఆ కాలే చూసుకుంటుంది. ఆ ఆలోచన ఆవిడ ముఖంలోకి రావడం నేను చూశాను. అది వెంటనే పోలేదు కూడా.

"ఆమెన్" అంది చిన్నత్త.

మా అత్తగారు ఆ గాజుముక్కని ఆవిడ చేతిలో పెట్టారు. "నీ కాల్లో ఉండాది ఇది. లాగినా నీకు తెలీలేదు."

చిన్నత్త వంగి తన మడమ చూసుకుంది. చుట్టూ ఆడవాళ్ళు కళ్ళు తెరిచి చూస్తున్నారు. మా అత్తగారు వెనక బెంచీ దాకా వినబడేట్టు గొంతు పెంచారు.

"శనివారం పొద్దున రెడీగా ఉండు. ఫర్హానా డాక్టరమ్మ దగ్గరికి నేనే పిల్చుకొని పోతా. ఇంగ రోజూ నీ ఇంటికొచ్చి నీ కాలికి కట్టు నేనే కడతా శాంతీ. పేరు తెచ్చుకునే వంతు నాది."