కందెన అందని చక్రం

పెంచల్‌కు భయపడటం వచ్చినంత బాగా ఇంకేదీ రాదని బ్నీద్ అల్ గార్‌లో శుక్రవారం పూట కలిసే మనవాళ్ళంతా అంటారు. కువైట్‌లో పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో డ్రైవరు. పచ్చలైటు వెలిగినా ఎడమా కుడీ చూసుకుని గానీ బండి కదపడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పిలిచాడంటే చెప్పుల్లో కాళ్ళు పెట్టేలోపే తను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటాడు. ఆ ఇంట్లో ఎవరేం చెప్పినా అతని నోట వచ్చే జవాబు ఒకటే, 'జైన్ బాబా, జైన్ మామా', అంటే సరే అయ్యగారూ, సరే అమ్మగారూ అని. కాదు, కుదరదు అనడానికి అరబ్బీలో 'లా' అనే చిన్న మాట ఉందని అతనికి తెలియక కాదు. దాన్ని వాడే అవసరం రాకుండా చూసుకున్నాడు, అంతే. పోయిన చలికాలం కబ్ద్ దారిలో జరిగింది విన్నాక, అతన్ని చూసి నవ్వేవాళ్ళు కొందరు నవ్వడం మానేశారు.

చలి మొదలైతే ఆ ఇంటివాళ్ళకు ఇల్లు ఇరుకైపోతుంది. నవంబరులో కబ్ద్ అవతల ఎడారిలో గుడారాలు వేసుకుని, మార్చి దాకా సెలవులన్నీ అక్కడే గడుపుతారు. గుడారాల పక్కన నిలబెట్టుకోవడానికి వాళ్ళకో కారవాన్ ఉంది. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు, లోపల మంచాలూ వంటిల్లూ ఉన్న చక్రాల ఇల్లది. దాన్ని జిమ్స్ అని పిలిచే ఇంటి పెద్దబండికి తగిలించి లాక్కెళ్ళడం పెంచల్ పని. ఏడాదికి రెండే రెండుసార్లు, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఆ రెండు రోజులూ అతనికి గొంతులో ముద్ద దిగదు.

దానికి కారణం బండి ఒక్కటే కాదు. కారవాన్‌లో సుబ్బరత్నమ్మ కూర్చుంటుంది.

సుబ్బరత్నమ్మ ఆ ఇంటి వంటమనిషి. ఊరు రైల్వే కోడూరు దగ్గర, వయసు యాభై దాటింది. పెంచల్ రాజంపేట నుంచి కొత్తగా దిగినప్పుడు బాబా అరుస్తున్నాడో మామూలుగా మాట్లాడుతున్నాడో కూడా అతనికి తెలిసేది కాదు. ఏ మాటకు ఏ అర్థమో ఆమే నేర్పింది. మొదటి ఎండాకాలం అతను జ్వరంతో పడిపోతే డ్రైవరు గదికి గంజి మోసింది. తోడబుట్టిన అక్క చేసేది అంతకంటే ఏముంటుంది? ఇక మామాకు ప్రాణమైనవి తన పుట్టింటి నుంచి వచ్చిన కాఫీ కప్పులు. ఒక ఏడు దారిలో కుదుపులకు వాటిలో నాలుగు పగిలాయి. అప్పటినుంచీ ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని సుబ్బరత్నమ్మ కారవాన్‌లోనే ప్రయాణం చేయాలని మామా హుకుం. నడిచే కారవాన్‌లో మనుషులు కూర్చోకూడదన్న సంగతి అందరికీ తెలుసు. తెలిసినా కప్పులు పగలకూడదు కదా.

అందుకే బయల్దేరే ముందురోజు పెంచల్ చక్రాల ముందు గొంతుకూర్చున్నాడు. శువైఖ్‌లో మెకానిక్ షాపు నడిపే అబ్దుల్ ఖుద్దూస్ రాయచోటి మనిషి. చక్రం చేత్తో తిప్పుతూ గ్రీజు రెండు మూడు సార్లు కొడితే చాలని ఎండాకాలం ముందు బండి చూసినప్పుడే చెప్పి, గ్రీజు గన్ను ఒకటి ఇచ్చి పోయాడు. పెంచల్ తల ఊపాడు గానీ ఆ లెక్క అతనికి నచ్చలేదు. అతని నాయన రామసుబ్బయ్య ఎద్దులబండి తోలిన మనిషి. వరిగడ్డి కాల్చిన బూడిదలో ఆముదం కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసేవాడు. ఇరుసుకు కందెన కారేదాకా పెట్టకపోతే ఆ బరువంతా ఎద్దుల మెడ మీద పడుతుందని చెప్పేవాడు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత ఉండనే ఉంది. అక్క కూర్చునే బండికి పిసినారితనం ఎందుకని పెంచల్ ఒక్కో చక్రానికి ఒక్కో గొట్టం గ్రీజు, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టాడు. మూడు చక్రాలు తాగినంత తాగాయి.

నాలుగోది, కుడివైపు వెనక చక్రం, మొండికేసింది. దాని గ్రీజు ఎక్కించే చిన్న ముక్కులో ఇసుక బిగుసుకుపోయి చుక్క కూడా లోపలికి పోలేదు. గుడ్డతో తుడిచాడు, పిన్నీసుతో పొడిచాడు. చీకటి పడేసరికి ఓడిపోయి లేచాడు. బాబాకు చెబితే రేపటి ప్రయాణం ఆగుతుంది, ఆగితే అరుస్తాడు. చెప్పలేదు.

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరారు. బాబా, మామా, పిల్లలు వేరే కారులో ముందే వెళ్ళిపోయారు. పెద్దబండిలో ముందు సీటు నిండా తివాచీలు, బొగ్గు బస్తాలు. సుబ్బరత్నమ్మ కప్పుల పెట్టెతో కారవాన్ ఎక్కి, నిదానంగా పోనీ నాయనా అని చెప్పి తలుపు వేసుకుంది. ఆ మాట ఆమె ఏటా చెప్పేదే. ఈసారి మాత్రం పెంచల్ గుండెలో ముల్లులా దిగింది.

ఆరో రింగ్ రోడ్డెక్కినప్పటినుంచీ అతని చూపంతా కుడివైపు అద్దంలోనే. కందెన లేని చక్రం కాస్త కాస్తగా వేడెక్కుతుంది, బేరింగు కరుచుకుంటుంది, ఇరుసు విరుగుతుంది, చక్రం ఊడి పోతుంది. అప్పుడు కారవాన్ బోల్తా కొడుతుంది. అందులో అక్క ఉంది. ఈ మాటలే అతని బుర్రలో గానుగెద్దులా తిరిగాయి. ముందు బండ్లు ఆగినప్పుడల్లా బ్రేకు తొక్కితే వెనకనుంచి ఎవరో వీపు మీద చేతులు పెట్టి నెట్టినట్టయింది. సామాను బరువు అనుకున్నాడు. తప్పించుకునే మనసుకు సాకులు కరువా?

పావుగంట గడిచాక ఫోను మోగింది. పేరు చూస్తే అక్కే. చేత్తో తీస్తే రోడ్డు మీది కెమెరా కంట పడతానని తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది. మూడోసారి మోగేసరికి చెమటలు పట్టి, స్టాండులో ఉన్న ఫోను మీద వేలితో ఒత్తాడు.

"పెంచలూ, యాడో కాల్తాండాది నాయనా. వాసనొస్తాండాది."

అద్దంలోకి చూశాడు. కుడివైపు వెనక చక్రం దగ్గర సన్నటి తెల్లటి పొగ.

పెంచల్‌కు ఒంట్లో ఉన్న నెత్తురంతా కాళ్ళలోకి జారినట్టయింది. పక్కకు ఆపుదామంటే కుడి వరసలో లారీల బారు, సందు లేదు. ఇంతలో కబ్ద్ వైపు దిగే వంతెన వచ్చేసింది. దిగువన సిగ్నలు ఎర్రగా ఉంది. దాని ముందు గొర్రెలు నిండిన పికప్పు ఒకటి ఆగి ఉంది. అతను బ్రేకు తొక్కాడు. పెద్దబండి ఆగబోయింది, కారవాన్ ఆగనివ్వలేదు. వెనకనుంచి తోసింది, తోక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఫోనులో గిన్నెలు పడుతున్న చప్పుడు, దాని మధ్య ఆమె దేవుణ్ణి పిలవడం వినిపించాయి.

"అక్కా, కింద కూర్చో. మంచం కోడు పట్టుకో. కప్పులు పోతే పోనీ, ఇడ్సిపెట్టు!"

స్టీరింగు కింద కారవాన్ బ్రేకుల కోసం విడిగా ఒక మీట ఉంటుంది. దాన్ని చివరిదాకా నొక్కి పట్టాడు. పట్టలేదు. చక్రాలు అసలు బ్రేకే లేనట్టు దొర్లిపోయాయి. ఏదో ఒకటి మాత్రం పట్టింది. కారవాన్ ఒక్క కుడివైపుకే లాగింది, పొగ దట్టంగా లేచింది, కీచుమని అరిచింది. కుడికి లాగుతున్న బండిని పెంచల్ రెండు చేతులా ఎడమకు పట్టి నిలిపాడు. పెంచలకోన నరసింహస్వామికి ఏమేం మొక్కాడో అతనికే గుర్తు లేదు. బండి ఆగేసరికి ముందున్న పికప్పుకూ అతనికీ మధ్య చేతులు చాచినంత దూరం మిగిలింది. గొర్రెలు అతని వంక చూస్తూ నెమరేస్తున్నాయి.

దిగి పరిగెత్తి కారవాన్ తలుపు తీశాడు. సుబ్బరత్నమ్మ నేల మీద మంచంకోడు కౌగిలించుకుని కూర్చుని ఉంది. మోచెయ్యి గీసుకుపోయి నెత్తురు వస్తోంది. కప్పుల పెట్టె ఆమె మోకాళ్ళ మధ్యే ఉంది, విడవలేదు. పెంచల్ అక్కడే మెట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, బతికే ఉండాను లే అంది.

పొగ ఆరాక బండిని మెల్లగా సిగ్నలు దాటించి పక్కన ఇసుకలోకి తెచ్చాడు. పెంచల్ కబురు చెప్పగా గంటలో బాబా, మామా వెనక్కి వచ్చారు. బాబా ఫోను చేస్తే ఖుద్దూస్ తన పికప్పులో సామాను వేసుకుని వచ్చాడు. ముందుగా పొగ వచ్చిన చక్రమే విప్పమని పెంచల్ అడిగాడు. అది తన పాపమని, గ్రీజు ఎక్కలేదని, చెప్పకుండా బయల్దేరానని లోపల్లోపల మాటలు కూర్చుకుంటున్నాడు.

ఖుద్దూస్ ఆ చక్రం విప్పాడు. డ్రమ్ము మాడి నీలంగా మారింది, లోపల ఒరుసుకుని చక్రాన్ని ఆపే బ్రేకు లైనర్లు కాలిపోయాయి. కానీ బేరింగు చక్కగా ఉంది, పాత గ్రీజే దానికి సరిపోయింది. తర్వాత మిగతా మూడూ విప్పాడు. మూడో డ్రమ్ము తీసేసరికి అతని ముఖం మారిపోయింది. మూడింటిలోనూ లోపలంతా గ్రీజు. నెయ్యి పోసినట్టు లైనర్ల మీదుగా కారుతోంది. బేరింగు పట్టినంత పట్టి, మిగిలింది వెనక సీలు తెంచుకుని బ్రేకుల్లోకి పొర్లిందన్నమాట.

"గ్రీజు తాగిన లైనరు యాడ పట్టుకుంటాదన్నా?" అన్నాడు ఖుద్దూస్, నాలుగో చక్రాన్ని చూపిస్తూ. "ఈ ఒక్కటే పట్టింది. నలుగురి పని ఒక్కటే చేసి కాలిపోయినాది. ఇది ల్యాకపోతే ఆయమ్మ ల్యాదు."

పెంచల్ వంగి ఆ మాడిన డ్రమ్మును తాకి చూశాడు. దారి పొడుగునా ఏ చక్రాన్ని చూసి వణికాడో అదే కాపాడింది. ఏ మూడింటిని కడుపు నిండా మేపానని ధీమాగా ఉన్నాడో అవే ప్రాణం మీదికి తెచ్చాయి.

బాబాకు తెలుగు రాదు గానీ కారుతున్న గ్రీజు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఎండాకాలం ముందు బండి చూసింది ఖుద్దూసే కాబట్టి కోపమంతా అతని మీదికి మళ్ళింది. ఇక తన ఇంటి బండ్లేవీ నీ షాపు గడప తొక్కవని, పదిమందికీ చెబుతానని అరుస్తున్నాడు. ఖుద్దూస్ పెంచల్ వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అతనికి తెలిసిపోయింది. తెలిసీ నోరు మెదపలేదు.

పెంచల్ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడంలో అతన్ని మించినవాడు లేడు కూడా. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దవుతుంది, విమానం ఎక్కిస్తారు, పదకొండేళ్ళూ ఖలాస్. ఇవన్నీ కళ్ళ ముందు కదిలాయి. అయినా నాలుక కదిలింది.

"ఆనా, బాబా," అన్నాడు. నేనే అని.

ఎందుకు చేశావని బాబా అడిగాడు. కందెనకు అరబ్బీలో ఏమంటారో పెంచల్‌కు తెలియదు. మా నాయనకు ఎద్దులబండి ఉండేదని, ఆయన ఇట్లాగే పెట్టేవాడని, ఇందులో అక్క కూర్చుంటుందని ఎక్కువ పెట్టానని వచ్చిన ముక్కల్లో చెప్పాడు. బాబా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చివరకు ఆ గన్ను ఇంకెప్పుడూ ముట్టుకోవద్దన్నాడు. ఖుద్దూస్‌తో మళ్ళీ మామూలుగా మాట్లాడి, కావలసినవి తెమ్మని పంపాడు.

శువైఖ్ వెళ్ళి కొత్త లైనర్లూ సీళ్ళూ తెచ్చి, డ్రమ్ములు కడిగి బిగించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఖుద్దూస్ ఇసుకలోనే బండి నాలుగుసార్లు నడిపి, ఆపి చూపించాడు. నాలుగు చక్రాలూ పట్టాయి. బాబా యల్లా, పదండి అన్నాడు. మామా పెట్టె తెరిచి కప్పులు లెక్కపెట్టుకుని, అన్నీ ఉన్నాయని తృప్తిపడి, సుబ్బరత్నమ్మకు కారవాన్ చూపించింది. ఆమె మోచేతికి కట్టిన గుడ్డ సర్దుకుని, పెట్టె తీసుకుని మెట్టు మీద కాలు పెట్టింది.

పెంచల్ వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. పొద్దున బండి ఆగనప్పుడు ఎంత భయపడ్డాడో అంత భయమూ ఇప్పుడు మళ్ళీ పట్టుకుంది.

"లా, మామా," అన్నాడు.

మామాకు ముందు అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఆ నోట వినడం అదే మొదలు. కప్పులు, అంది. పెంచల్ మళ్ళీ లా అన్నాడు, ఈసారి ఇంకా మెల్లగా. తర్వాత కారవాన్ తాళం వేసి, బీగంచెవి తీసుకెళ్ళి బాబా చేతిలో పెట్టాడు. బాబా దాన్ని చూశాడు, సుబ్బరత్నమ్మ మోచేతి మీది గుడ్డను చూశాడు, బీగంచెవి జేబులో వేసుకుని తన కారు వైపు నడిచాడు. మామా ఏదో అనబోయి అతని వెంటే వెళ్ళింది.

పెంచల్ ముందు సీట్లోని తివాచీలను, బొగ్గు బస్తాలను ఒక్కొక్కటిగా మోసి ఖుద్దూస్ పికప్పులో వేశాడు. ఖుద్దూస్ గుడారాల దాకా వెనకే వస్తానన్నాడు. సుబ్బరత్నమ్మ ఖాళీ అయిన సీట్లో కూర్చుని కప్పుల పెట్టె ఒళ్ళో పెట్టుకుంది. బండి మళ్ళీ కబ్ద్ దారి పట్టింది.

"ఎంత ప్రేముంటే మాత్రం," అంది ఆమె, రోడ్డు వైపే చూస్తూ, "మూడు దినాల కూడు ఒక్క పూటకే పెడతారా నాయనా?"

పెంచల్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కుడివైపు అద్దంలోకి చూశాడు. పొగ లేదు. పక్క సీట్లో కప్పులు గలగలమన్నాయి. వెనక కారవాన్‌లో ఎవరూ లేరు.